నాలుగు అక్షరాల్లో మనిషిని తేల్చేయడం సైన్సేనా?

దివిటీ
మా ఆఫీసులో పోయిన నెల అందరిచేతా ఎంబీటీఐ అనే వ్యక్తిత్వ పరీక్ష రాయించారు. 93 ప్రశ్నలు, చివర్లో నాలుగు అక్షరాలు, అంటే పదహారు రకాల మనుషుల్లో నువ్వు ఫలానా రకం అని. నాకు ఐఎన్‌ఎఫ్‌పీ వచ్చింది, అందులో 'ఐ' అంటే ఇంట్రావర్ట్, తనలో తాను ఉండే రకం. అక్కడితో వదిలేస్తే బాగుండేది. క్లయింట్లతో మాట్లాడే పని నాకివ్వమని ఏడాదిగా అడుగుతున్నా. మొన్న మేనేజర్ పిలిచి, "నువ్వు ఇంట్రావర్ట్ టైపు కదా, అక్కడ ఇబ్బంది పడతావు, నీ మంచికే చెబుతున్నా" అన్నాడు. రెండేళ్ల క్రితం పాత కంపెనీలో ఇదే పరీక్ష రాస్తే మొదటి అక్షరం 'ఈ' వచ్చింది, అంటే ఎక్స్‌ట్రావర్ట్, నలుగురితో హుషారుగా కలిసే రకం. మనిషిని నేనే, మారలేదు.
ఇంటికొచ్చి మా బావతో చెప్పుకున్నా. ఆయన న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. "అసలు సైకాలజీయే కథలు చెప్పే శాస్త్రం, మెదడుని కొలిస్తేనే సైన్సు" అని కొట్టిపారేశాడు. ఆ మాటా మింగుడు పడలేదు. తప్పు ఈ ఒక్క పరీక్షదా, మొత్తం సైకాలజీదా? తెలిసినవాళ్లు చెప్పండి.

మెదడుమేత
మీ బావ గారి పక్షమే నేను. ల్యాబ్‌లో ఎలకల మెదళ్ల మీద పనిచేస్తా. ఎలక్ట్రోడ్ పెడితే న్యూరాన్ (మెదడు కణం) స్పందించిందో లేదో తెలిసిపోతుంది, దాని అభిప్రాయం అడగక్కర్లేదు. ప్రశ్నపత్రంలో మనిషి తన గురించి తానే చెప్పుకుంటాడు. ఆ రోజు ఇంట్లో గొడవైతే ఒక జవాబు, జీతం పడితే ఇంకో జవాబు. దాన్ని కొలత అని ఎలా అంటాం?

లెక్కలమాస్టారు
ముప్పయ్యేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి, నా మాట కూడా వినండి.
అమ్మాయ్ దివిటీ, నీకు 'ఈ' పోయి 'ఐ' రావడంలో వింతేమీ లేదు. ఒక ఊళ్లో మగవాళ్లందరినీ నిలబెట్టి ఎత్తు కొలిచావనుకో. ఎక్కువమంది అయిదున్నర అడుగుల చుట్టూ ఉంటారు, బాగా పొడుగువాళ్లూ బాగా పొట్టివాళ్లూ కొద్దిమంది. ఇప్పుడు సరిగ్గా అయిదున్నర దగ్గర గీత గీసి, పైవాళ్లంతా 'పొడుగు జాతి', కిందవాళ్లంతా 'పొట్టి జాతి' అన్నావనుకో. జనమంతా గీత పక్కనే ఉన్నారు కదా! చెప్పులేసుకుని కొలిస్తే ఒక జాతి, విప్పి కొలిస్తే ఇంకో జాతి. ఎంబీటీఐలో జరిగేది ఇదే. మార్కులు వేసి చూస్తే నడుమ ఒక్కటే గుట్ట ఉంటుంది, రెండు వేరువేరు గుట్టలు ఉండవు. అందుకే ఐదు వారాల తర్వాత మళ్లీ రాయిస్తే సగం మంది దాకా ఏదో ఒక అక్షరం మారుతుందని 1993లోనే పిటెంజర్ అనే సైకాలజిస్టు రాశాడు.
కొలత మొత్తం దొంగది అనను. కొలతని నరికి ముక్కలు చేయడం తప్పు.

గోదారిగట్టు
దాని పుట్టుక కూడా చెప్పండి మాస్టారూ. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూంగ్ 1921లో మనుషుల రకాల మీద పుస్తకం రాస్తే, అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ దాన్ని పట్టుకుని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రశ్నపత్రం తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కారు. ఇసబెల్ అంతకుముందు డిటెక్టివ్ నవల రాసి బహుమతి గెలుచుకుంది.

లెక్కలమాస్టారు
@గోదారిగట్టు నిజమే, కానీ దాన్ని తప్పుగా పట్టుకోకు. చదువు లేనివాళ్లు చేశారు కాబట్టి చెడ్డదనడం న్యాయం కాదు. కేంబ్రిడ్జి వెళ్లకముందు రామానుజన్‌కి ఏ డిగ్రీ ఉంది? చేసినదాన్ని పరీక్షకి పెట్టారా లేదా అన్నది అడగాలి.

హేమంతం
హెచ్‌ఆర్‌లో పదమూడేళ్లుగా ఉన్నా. ఈ పరీక్ష నేనే చాలాసార్లు పెట్టించా, కాబట్టి నావైపు నుంచి. జట్టులో నలుగురు మాట్లాడుకోవడానికి ఇదొక సందు. "నేను మీటింగులో వెంటనే జవాబు చెప్పలేను, ఒక రోజు టైమివ్వండి" అని మామూలుగా ఎవరూ నోరు తెరిచి అనరు. ఈ కాగితం చేతిలో ఉంటే అంటారు. ఆ మేలు నేను కళ్లారా చూశా.
అయితే దివిటీ గారూ, మీ మేనేజర్ చేసింది మాత్రం తప్పే. ఈ పరీక్షని అమ్మే సంస్థే ఉద్యోగంలోకి తీసుకోవడానికి, ఎవరికి ఏ పని ఇవ్వాలో తేల్చడానికి దీన్ని వాడొద్దని చెబుతుంది. అది వాళ్ల సైట్‌లోనే ఉంటుంది. ఆ ముక్క మెయిల్‌లో పెట్టి మీ హెచ్‌ఆర్‌కి పంపండి.

దివిటీ
ఇది నాకు తెలీదు! వెతుకుతా. థాంక్స్ హేమంతం గారూ.

మూగమల్లె
అందరూ తిడుతున్నారు గానీ, నా సంగతి వేరు. మా ఇంట్లో పెళ్లిళ్లు, పేరంటాలు ఎక్కువ. చిన్నప్పటి నుంచి "దీనికి పొగరు, ఎవరితోనూ కలవదు" అనే మాట వింటూ పెరిగా. 24 ఏళ్లప్పుడు ఈ పరీక్ష రాసి, ఇంట్రావర్ట్ అనే మాట మొదటిసారి చదివినప్పుడు గదిలో కూర్చుని ఏడ్చా. నాకు పొగరు లేదు, జనంలో ఉంటే అలసిపోతా, అంతే. సైన్సో కాదో నాకు తెలీదు, ఆ మాట నాకు ఊపిరి ఇచ్చింది.

లెక్కలమాస్టారు
@మూగమల్లె నీకు ఊపిరి ఇచ్చిన మాట నిజమైనదే తల్లీ. ఎక్స్‌ట్రావర్షన్ ఎక్కువ తక్కువలు నిజంగా ఉన్నాయి, కొలిస్తే ఏళ్ల తరబడి నిలుస్తాయి కూడా. దాన్ని ఎవరూ కాదనడం లేదు. నీకు దక్కింది పదహారు డబ్బాల్లో ఒకటి కాదు, ఒక గీత మీద నీ చోటు.

వారఫలం
నేను కాలేజీలో పిల్లలతో చేయించే పని ఒకటి చెబుతా. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ తన 39 మంది విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకి ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి.
మా క్లాసులో తెలుగులో రాసి ఇచ్చా: "మీరు పైకి ధైర్యంగా కనిపించినా లోపల చిన్న విషయాలకే కలత చెందుతారు. నమ్మినవాళ్లే మిమ్మల్ని ఎక్కువ నొప్పించారు." ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అసలు సంగతి చెప్పాక క్లాసు పది నిమిషాలు నిశ్శబ్దం. "నిజమే, నా గురించే రాశారు" అనిపించడం రుజువు కాదని ఆ రోజు వాళ్లకి తెలిసింది.

విశాఖగాలి
క్లినికల్ సైకాలజిస్టుని. మెదడుమేత గారి మొదటి పోస్టు దగ్గరికి వెళ్దాం.
1953లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో 27 ఏళ్ల కుర్రాడికి మూర్ఛ తగ్గడానికి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల భాగం తీసేశారు. ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. ఇప్పుడే పలకరించి వెళ్లినవాడు పది నిమిషాల తర్వాత తిరిగొస్తే కొత్త మనిషే. అతన్ని పరీక్షించింది బ్రెండా మిల్నర్, సైకాలజిస్టు. ఆమె చేతిలో ఏ యంత్రం ఉంది? ఒక అద్దం, కాగితం, పెన్సిలు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్యలో గీయమంది. మూడు రోజుల్లో అతను చక్కగా నేర్చుకున్నాడు. ప్రతిసారీ "ఇది నేనెప్పుడూ చేయలేదు" అన్నాడు. అంటే చేతికి వచ్చే నేర్పు వేరు, జరిగింది గుర్తుండటం వేరు, రెండింటికీ మెదడులో వేరువేరు చోట్లున్నాయి. ఈరోజు మీ న్యూరోసైన్స్ పాఠ్యపుస్తకంలో జ్ఞాపకం అధ్యాయం ఈ మనిషి కథతో మొదలవుతుంది. అది తేలింది సైకాలజీ పరీక్షతో.
మీ ఎలకకి కూడా ఒక చిక్కుదారుల పెట్టె కట్టి, అది దారి గుర్తుపెట్టుకుందో లేదో చూస్తారు కదా? ఆ సగం సైకాలజీయే. అది లేకపోతే న్యూరాన్ స్పందించింది అని తెలుస్తుంది, దేనికి స్పందించిందో తెలీదు.

మెదడుమేత
చిక్కుదారుల మాట ఒప్పుకుంటా. కానీ డాక్టరమ్మా, 2015లో 100 సైకాలజీ ప్రయోగాలని మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం 'పనిచేసింది' అన్నాయి. రెండోసారి నిలిచింది 36 శాతం. మూడింట రెండు వంతులు జారిపోయే దాన్ని సైన్సు వరసలో కూర్చోబెట్టమంటే ఎలా?

విశాఖగాలి
ఆ లెక్క బయటపెట్టింది ఎవరు? సైకాలజిస్టులే, 270 మంది కలిసి, తమ ఇంటి చెత్త తామే ఊడ్చి వీధిలో పోశారు. జ్యోతిషులు ఎప్పుడైనా వంద జాతకాలు తిరగేసి ఎన్ని తప్పాయో ప్రకటించారా?
ఇంకోటి. జారిపోయినవాటిలో ఎక్కువ సోషల్ సైకాలజీవి. వ్యక్తిత్వ లక్షణాల సంగతి వేరుగా చూశారు. 2019లో సోటో అనే పరిశోధకుడు, బిగ్ ఫైవ్ లక్షణాలకీ జీవితంలో జరిగేవాటికీ మధ్య చెప్పిన 78 సంబంధాలని మళ్లీ కొలిచాడు. 87 శాతం నిలిచాయి.

సగంజీతం
బిగ్ ఫైవ్ అంటే ఏంటండీ, మామూలు మాటల్లో?

విశాఖగాలి
కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, కలుపుగోలుతనం-హుషారు, ఎదుటివాళ్లతో సర్దుబాటు, కలత చెందే స్వభావం. ఈ అయిదూ గీతలు, డబ్బాలు కావు. ఎంబీటీఐలో నాలుగు గీతలు వీటిలో నాలుగింటితో చాలావరకు సరిపోతాయని 1989లో మెక్రే, కోస్టా చూపించారు. అందులో లేనిది అయిదోది, కలత. ఉద్యోగులకి ఇచ్చే కాగితంలో "నువ్వు తొందరగా బెంగపడతావు" అని రాస్తే ఎవరు కొంటారు? మనసు ఆరోగ్యానికి అన్నిటికంటే ముఖ్యమైన గీత అదే.

ఉత్తరాంధ్రవాసి
సైకాలజీలో ఈ శుద్ధి మొదలవడానికి కారణం దయ్యాల పరిశోధన లాంటిదే, తెలుసా? దానికి మా వైజాగ్‌తో చుట్టరికం ఉంది.
ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960ల్లో కె. రామకృష్ణారావు గారు సైకాలజీతో పాటు పారాసైకాలజీకి విభాగం పెట్టారు. ఆయన అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. మూసిన కార్డు మీద బొమ్మ ఊహించడం, అలా వచ్చిన అంకెలు యాదృచ్ఛికమా కాదా అని లెక్కగట్టడం వాళ్ల పద్ధతి. మా నాన్న అక్కడ ఎమ్మే చదివినప్పుడు ఆ కార్డుల పెట్టె చూశారు.
తర్వాత 2011లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డారిల్ బెమ్ అనే పెద్ద సైకాలజిస్టు, భవిష్యత్తు ముందే తెలుస్తుందని 9 ప్రయోగాలు, వెయ్యి మందికి పైగా మనుషులతో చేసి, పేరున్న పత్రికలో అచ్చేశాడు. పద్ధతి అంతా అందరూ వాడేదే. అప్పుడు మిగతావాళ్లకి చెమటలు పట్టాయి. ఈ పద్ధతితో ఇది కూడా రుజువవుతుందంటే తప్పు పద్ధతిలోనే ఉండాలి కదా? అదే ఏడాది ముగ్గురు పరిశోధకులు, అంకెల్ని కావలసినట్టు ఏరుకుంటే ఒక పాట వినడం వల్ల మనిషి వయసు ఏడాదిన్నర తగ్గినట్టు కూడా చూపించొచ్చని చేసి చూపించారు. ప్రయోగం చేయకముందే ఏం చూడబోతున్నామో రాసి నమోదు చేయడం ఆ దెబ్బతోనే ఊపందుకుంది.

స్కానింగ్‌రూమ్
ఎమ్‌ఆర్‌ఐ టెక్నీషియన్‌ని. మెదడు ఫొటో అనగానే దేవుడి పటంలా చూస్తారు, అందుకే రాస్తున్నా.
ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ ఆలోచనని ఫొటో తీయదు. రక్తంలో ఆక్సిజన్ ఎక్కడ ఎంత మారిందో చూసి, లెక్కగట్టి రంగులు వేస్తుంది. 2009లో బెన్నెట్ అనే ఆయన చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, వీళ్లు ఏం అనుభవిస్తున్నారో చెప్పమన్నాడు. లెక్కలో ఒక సవరణ మానేస్తే ఆ చేప మెదడులో కూడా 'స్పందన' కనిపించింది. వేల చుక్కల్ని ఒకేసారి పరీక్షిస్తే కొన్ని ఊరికే వెలుగుతాయి.
2020లో ఇంకా గట్టి దెబ్బ. ఒకే స్కానుల కట్టని 70 జట్లకి ఇచ్చి, అవే 9 ప్రశ్నలు అడిగారు. ఏ రెండు జట్లూ ఒకే పద్ధతిలో లెక్క చేయలేదు, జవాబులూ చాలాచోట్ల కలవలేదు.

మెదడుమేత
ఇది నాకు నొప్పి కలిగించే విషయం, కానీ నిజం. 2022లో మారెక్ అనే పరిశోధకుడి జట్టు వాళ్లు కూడా అదే చెప్పారు. మెదడు స్కానుకీ మనిషి స్వభావానికీ నికరంగా సంబంధం చూపాలంటే వేలమంది కావాలి, మామూలుగా చేసే అధ్యయనాల్లో ఉండేది పాతికమంది. మా రంగంలో కూడా ఇల్లు ఊడ్చుకోవాల్సింది చాలా ఉంది.

నల్లకోటు
మెదడు ఫొటోని నమ్మితే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2008లో పుణేలో హత్య కేసు. నిందితురాలి తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి, హత్య వివరాలు ఒక్కొక్కటే చదివి వినిపించారు. ఆమె నోరు తెరవక్కర్లేదు. ఈ వాక్యాలు ఆమెకి 'అనుభవంలో ఉన్నవే' అని యంత్రం చెప్పిందన్నారు. మిగతా సాక్ష్యాలతో పాటు దాన్నీ లెక్కలోకి తీసుకుని యావజ్జీవం వేశారు. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. మా జూనియర్లకి ఈ తీర్పు తప్పకుండా చదవమంటా. తీగలూ తెరలూ ఉన్నంత మాత్రాన సాక్ష్యం బరువెక్కదు.

కరీంనగర్_నాయిన
మీరంత పెద్ద ముచ్చట్లు చెప్తున్నరు, నాదొక గోస వినుండ్రి. మా బిడ్డ నాలుగో తరగతి. బడిల పేరెంట్స్ మీటింగ్ అంటే పోయినం. ఆడ ఒక కంపెనీవాళ్లు బల్లేసుకొని కూసున్నరు. పిల్ల పది వేళ్ల ముద్రలు స్కాన్ చేస్తే మెదడుల ఏ భాగం ఎంత శాతం పనిచేస్తదో, ఏ చదువు అబ్బుతదో చెప్తరట. డీఎమ్‌ఐటీ అంటరు. మూడున్నర వేలు కట్టినం. ముప్పై పేజీల రిపోర్టు ఇచ్చిండ్రు, రంగుల మెదడు బొమ్మలతోని. దాంట్ల లెక్కలు దీనికి రావని రాసిండ్రు. అప్పటిసంది పిల్ల లెక్కల పుస్తకం ముట్టదు. "నా మెదడుల లేదు నాయినా" అంటది. ఏం చెయ్యాలె?

చిన్నారిడాక్టర్
అన్నా, ముందు ఆ రిపోర్టు చించెయ్యండి, పాప ముందే చించండి.
వాళ్లు చెప్పేదాంట్లో ఒక్క ముక్క నిజం ఉంది. చర్మం పైపొర, మెదడు రెండూ పిండంలో ఒకే పొర నుంచి పుడతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి అరచేతిలో ఒకటే అడ్డగీత ఉంటుంది, మేం చూస్తాం. అక్కడి నుంచి 'బొటనవేలు ఈ భాగానికి, చూపుడువేలు ఆ భాగానికి, లెక్కలు ఇంత శాతం' అని దూకడానికి ఏ ఆధారమూ లేదు. ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అనేదీ అంతే. పైగా వేలిముద్రలు కడుపులో ఉండగానే ఖరారైపోతాయి. పాప మెదడు రేపు కూడా మారుతుంది, లెక్కలు చేస్తే లెక్కలకి తగ్గట్టు మారుతుంది.
2008లో వైస్‌బర్గ్ అనే ఆమె ఒక ప్రయోగం చేసింది. పనికిమాలిన వివరణకి కూడా సంబంధం లేని మెదడు వాక్యం ఒకటి తగిలిస్తే, మామూలు జనానికి అది మెరుగ్గా అనిపించింది. ఆ రంగుల బొమ్మలు ఉన్నది అందుకే.

లెక్కలమాస్టారు
@కరీంనగర్_నాయిన పాపని నాకు ఒప్పజెప్పు తమ్ముడూ. ఆదివారం సాయంత్రాలు వీడియో కాల్‌లో కూర్చుందాం. డబ్బు మాటెత్తకు.

కరీంనగర్_నాయిన
మాస్టారూ, చేతులెత్తి మొక్కుతున్న. రిపోర్టు పొయ్యిల ఏసినం. బిడ్డే ఏసింది.

తలుపుగొళ్లెం
విశాఖగాలి గారి మాటకి నా సాక్ష్యం. నాకు ఓసీడీ, అంటే అనుమానంతో ఒకే పని పదేపదే చేయించే జబ్బు. రాత్రి గొళ్లెం నలభైసార్లు చూసేదాన్ని. మందులు పడలేదు. ఒక థెరపిస్టు ఆరునెలలు నాచేత చేయించినది ఒకటే: గొళ్లెం ఒక్కసారి వేసి, వెనక్కి వెళ్లకుండా ఆ భయంలో కూర్చోవడం. మొదటి వారం నరకం. ఇప్పుడు రెండుసార్లు చూస్తా, పడుకుంటా. ఇదంతా "మాటలేగా" అంటే నాకు కోపం వస్తుంది.

విశాఖగాలి
మీ కోపం న్యాయమే. 1992లో బాక్స్‌టర్ అనే పరిశోధకుడి జట్టు వాళ్లు ఓసీడీ ఉన్నవాళ్లకి చికిత్సకి ముందూ తర్వాతా పెట్ స్కాన్ (మెదడు పనితీరు చూపే స్కాన్) తీశారు. మందు వేసుకుని బాగుపడినవాళ్లలో మెదడులో కాడేట్ అనే చోట ఏ మార్పు వచ్చిందో, మీలాగా చేసి బాగుపడినవాళ్లలోనూ అదే చోట మార్పు వచ్చింది. మందు లేదు, కత్తి లేదు, గొళ్లెం ముందు కూర్చున్నారు. మెదడు మారింది.

గోదారిగట్టు
నాకు బిగ్ ఫైవ్ మీద కూడా ఒక పేచీ ఉంది. అది ఎలా పుట్టింది? మనుషులు స్వభావంలో గమనించే తేడాలన్నీ భాషలో మాటలై ఉంటాయని, 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ ఇంగ్లిష్ నిఘంటువు తిరగేసి 17,953 మాటలు ఏరారు. తర్వాతివాళ్లు వాటిని గుంపులు కడుతూ పోతే అయిదు కుప్పలు తేలాయి. మరి తెలుగు నిఘంటువు నుంచి మొదలుపెడితే అవే అయిదు వస్తాయా? బొలీవియా అడవుల్లో చిమానే అనే జాతివాళ్లని, ఆరొందల మందికి పైగా, వాళ్ల భాషలోనే అడిగితే ఆ అయిదూ సరిగ్గా తేలలేదు.
'మొహమాటం' ఏ కుప్పలో వేస్తారు? మా పెదనాన్న ఊరంతా తెగ మాట్లాడతాడు, కాబట్టి ఎక్స్‌ట్రావర్ట్. కానీ అప్పిచ్చిన డబ్బు అడగలేడు, ఎదుటివాళ్లింట్లో రెండో గరిటె అన్నం అడగలేడు. ఇది సిగ్గు కాదు, భయం కాదు, మంచితనం మాత్రమే కూడా కాదు. ఆ ప్రశ్నపత్రాల్లో 'నేను పార్టీకి ప్రాణం లాంటివాణ్ణి' అని ఉంటుంది. మా ఊళ్లో ఆ మాట అడిగితే ఏ పార్టీ అంటారు!

హేమంతం
నవ్వు ఆగలేదు. కానీ నిజంగా పట్టించుకోవాల్సిన మాట. మేం పెట్టే పరీక్షలన్నీ ఇంగ్లిష్‌లోనే.

మెదడుమేత
@గోదారిగట్టు ఇది అసలైన ప్రశ్న. తప్పని తేలే వీలున్న ప్రశ్న కూడా. మాటలు ఏరి, వెయ్యి మందిచేత తమ గురించీ, తెలిసినవాళ్ల గురించీ మార్కులు వేయిస్తే, కుప్పలు ఎన్ని వస్తాయో అంకెలే చెబుతాయి. ఎవరైనా చేస్తే నేను కూర్చుని కోడు రాస్తా. సైకాలజీ మీద నా మొదటి పోస్టులో 'కొలత కాదు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పదహారు డబ్బాల మీద మాత్రం తీసుకోను.

వారఫలం
మా డిగ్రీ పిల్లలు రెండొందలమంది ఉన్నారు. మాటల పట్టిక ఇస్తే ఈ సెమిస్టర్‌లోనే చేయిస్తా. అంచనా ముందే రాసి పెడదాం, ఉత్తరాంధ్రవాసి చెప్పినట్టు.

దివిటీ
హేమంతం గారు చెప్పినట్టు ఆ సంస్థ సొంత సూచన మెయిల్‌లో పెట్టి హెచ్‌ఆర్‌కీ మేనేజర్‌కీ పంపా. లెక్కలమాస్టారు గారి ఎత్తుల ఉదాహరణ కూడా రాశా. మేనేజర్ రెండు రోజులు పలకలేదు. ఈ పొద్దున వచ్చి, గురువారం క్లయింట్ డెమో నన్ను ఇవ్వమన్నాడు. మా బావకి ఈ చర్చంతా పంపా. చేప దగ్గర ఆగిపోయాడట, ఇంకా ఫోన్ చేయలేదు.

లెక్కలమాస్టారు
డెమో అయ్యాక ఎలా జరిగిందో రాయమ్మా. పట్టిక నేను మొదలుపెడుతున్నా: గడుసు, నిదానం, దుడుకు, మొండి, లౌక్యం, గుంభనం.

మూగమల్లె
మొహమాటం, ఉక్రోషం, అణకువ, చొరవ.

కరీంనగర్_నాయిన
నాదాన్, గమ్మతి, ఇగురం గలోడు.

ఉత్తరాంధ్రవాసి
@కరీంనగర్_నాయిన 'ఇగురం' అంటే మా వైపు వేరే అర్థం అన్నా, కూర ఇగురు గుర్తొచ్చింది. మాటకి పక్కనే అర్థం కూడా రాస్తే మంచిది.

గోదారిగట్టు
ముక్కోపి, పెంకి, తెంపరి, కలుపుగోలు. 'పెద్దమనిషి తరహా' ఒక మాట కింద లెక్కా, రెండా?